పాత తరహా మోటార్‌సైకిల్‌కు ఇంట్లోనే మరమ్మతులు, మార్పులు: నా అనుభవం

నా మోటార్‌సైకిల్ నా చేతికి వచ్చేనాటికి రెండేళ్ళుగా కవరు కింద కదలకుండా నిలబడి ఉంది. ఇరవై ఏళ్ళు దాటిన బండి అది. ఒకే సిలిండర్, 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వ్యాసం), 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), లెక్క కడితే 346 సీసీ. గాలికి చల్లబడే ఇంజిన్, వాల్వులను కదిపే పుష్‌రాడ్లు, పెట్రోలునూ గాలినీ కలిపే కార్బొరేటర్, ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టించే సీబీ పాయింట్లు, ముందూ వెనకా డ్రమ్ బ్రేకులు, కిక్ కొడితేనే లేచే తత్వం. దాన్ని చూసిన రోజే నా మనసులో ఒక రూపం స్థిరపడిపోయింది: కిందికి వంగిన హ్యాండిల్, ఒక్కరు కూర్చునే సన్నని సీటు, పొట్టి సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ పెట్టె తీసేసి ఆ చోట నేరుగా కార్బొరేటర్ మూతికి తొడిగే శంకువు ఆకారపు ఫిల్టర్. రెండు వారాల్లో అవన్నీ తెప్పించి బిగించేశాను కూడా.

చూడడానికి బండి ముచ్చటగా తయారైంది. నడక మాత్రం చెడింది. ఇరవై సార్లు కిక్ కొడితే గానీ లేచేది కాదు. యాక్సిలరేటర్ వదిలిన ప్రతిసారీ సైలెన్సర్‌లో టపటపమని పేలేది. సగం రేజులో పట్టి పట్టి లాగేది. పది రోజులు తిరిగేసరికి బెండ్ పైపు (ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కు పోయే గొట్టం) ఇంజిన్ దగ్గర నీలం రంగుకు తిరిగింది. కార్బొరేటర్‌లో చెత్త ఉందా, కొత్త ఫిల్టర్ వల్ల గాలి ఎక్కువైందా, సైలెన్సర్ వల్లనా, టాపెట్లలోనా, పాయింట్లలోనా అని వెతకబోతే ఏదీ తేలలేదు, ఎందుకంటే బండి అసలు ఎలా నడిచేదో తెలుసుకోకముందే నేను దాన్ని నాలుగు వైపుల నుంచి ఒకేసారి మార్చేశాను. చివరికి బిగించినవన్నీ విప్పి, పాత భాగాలను మళ్ళీ వాటి చోట్లలో పెట్టి, బండిని తయారైనప్పటి స్థితికి తీసుకువచ్చాకే ఏ మార్పయినా అని నిశ్చయించుకున్నాను. ఈ వ్యాసంలో ఉన్నది ఆ నిశ్చయం తరువాత జరిగిన పని.

మొదట పనిముట్ల సంగతి. పెద్ద సెట్టు కొనాలని లేదు గానీ, కొన్ని మాత్రం సరైనవే ఉండాలి. రింగ్ పానాలు, బిగుతును కొలిచి బిగించే నమ్మదగిన టార్క్ రెంచ్, సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజ్, మల్టీమీటర్, ఇంజిన్‌కు సంబంధించిన సర్వీసు పుస్తకం, వీటితో నా పనిలో తొంభై పాళ్ళు జరిగిపోయింది. స్క్రూడ్రైవర్ గురించి మాత్రం విడిగా చెప్పాలి. జపాన్ తరహా కార్బొరేటర్ల గిన్నెకు ఉండే స్క్రూల తలలు చూడడానికి మామూలు ప్లస్ గుర్తు స్క్రూల్లాగే ఉంటాయి కానీ, వాటి గాడి ఆకారం జపాన్ ప్రమాణం ప్రకారం ఉంటుంది. మామూలు ఫిలిప్స్ డ్రైవర్ మొన అందులో పూర్తిగా అడుగుకు దిగదు, బలం వేయగానే పైకి జారి గాడిని అరగదీస్తుంది. నా కార్బొరేటర్ స్క్రూల్లో రెండింటి తలలు అలా నున్నగా అయిపోయి ఉన్నాయి. వాటిని ఇంపాక్ట్ డ్రైవర్‌తో విప్పి, వాటి స్థానంలో అలెన్ తల బోల్టులు వేశాను. ఈ బండికి నేను చేసిన మార్పుల్లో అతి చిన్నది అదే, రోజూ పనికొచ్చేది కూడా అదే.

రెండేళ్ళు నిలిచిపోయిన బండిలో మొట్టమొదట అనుమానించవలసింది పెట్రోలునే. పాతబడిన పెట్రోలులో తేలికైన భాగం ఆవిరైపోయి, మిగిలింది బంకలా మారి కార్బొరేటర్‌లోని సన్నని దారులకు పట్టేస్తుంది. ట్యాంకు ఖాళీ చేశాను. కుళాయికి ఉన్న జాలీని కడిగాను. కార్బొరేటర్‌ను విప్పి ఒక తెల్లని పళ్ళెంలో భాగాలు వరుసగా పేర్చాను. విప్పిన క్రమంలోనే పేర్చితే బిగించేటప్పుడు ఆలోచించవలసిన పని ఉండదు. గిన్నె అడుగున తేనె రంగు పొర ఒకటి గట్టిగా అంటుకుని ఉంది. తక్కువ రేజులో పెట్రోలును అందించే పైలట్ జెట్ అనే చిన్న ఇత్తడి ముక్కను తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూశాను. అర మిల్లీమీటరు కూడా లేని రంధ్రం అది. బాగున్న జెట్‌లోంచి చూస్తే సూది మొన అంత వెలుగు చుక్క గుండ్రంగా, స్పష్టంగా కనిపించాలి. నాకు కనిపించింది చీకటే. క్లీనర్ చల్లి, గంట సేపు నానబెట్టి, గాలి కొట్టి మళ్ళీ చూస్తే చంద్రవంక ఆకారంలో కొద్దిగా వెలుగు వచ్చింది. ఇత్తడి మెత్తని లోహం కాబట్టి ఇనుప తీగ పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదై జెట్ మీద రాసి ఉన్న అంకెకు అర్థం లేకుండా పోతుంది. అందుకని కరెంటు వైరులోంచి తీసిన ఒక్క రాగి పోగును మెల్లగా పోనిచ్చి, మళ్ళీ నానబెట్టి, మళ్ళీ గాలి కొట్టాను. మూడోసారికి గుండ్రని చుక్క కనిపించింది. బిగించాక మూడో కిక్కుకే ఇంజిన్ లేచింది. ఇరవై కిక్కుల కష్టానికి సైలెన్సర్‌తో గానీ ఫిల్టర్‌తో గానీ ఏ సంబంధమూ లేదని ఆ రోజు తేలిపోయింది.

కార్బొరేటర్ పని చేసే తీరు అర్థమైతే సగం భయం పోతుంది. యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పటి నుంచి దాదాపు ఎనిమిదో వంతు తెరిచేదాకా పెట్రోలు లెక్క చూసేది పైలట్ జెట్, గాలి స్క్రూ. అక్కడి నుంచి పావు వంతు వరకు గాలి దారిని తెరిచే స్లైడ్ అంచున ఉన్న కోత ముఖ్యం. పావు నుంచి ముప్పావు దాకా స్లైడ్‌కు వేలాడే సూది, అంటే నీడిల్, చూసుకుంటుంది. అది దాటాక మెయిన్ జెట్ మీదే భారమంతా. ఈ హద్దులు గీత గీసినట్టు ఉండవు, ఒకదాని ప్రాంతం ఇంకొకదానిలోకి కొంత చొచ్చుకుపోతుంది. అయినా ఇబ్బంది ఎంత రేజులో వస్తోందో చెప్పగలిగితే ఏ భాగాన్ని చూడాలో తెలిసిపోతుంది. నేను యాక్సిలరేటర్ పిడి పక్కన కదలని భాగం మీద తెల్లటి టేపు అంటించి, పావు, సగం, ముప్పావు అని పెన్నుతో గీతలు పెట్టి, పిడి మీద ఒక చుక్క పెట్టుకున్నాను. సగం రేజు అని మనం అనుకునేది నిజానికి పావు దగ్గరే ఉంటుందని ఆ టేపు చూశాకే నమ్మాను.

తరువాత టాపెట్లు, అంటే వాల్వులను కదిపే భాగాల మధ్య సందు సరిచేయడం. నాకు ఈ పనంతటిలో ఎక్కువ ఇష్టమైనది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. చాలా ఇంజిన్లలో వాల్వు కాడకు, రాకర్ చేతికి మధ్య ఉండవలసిన ఖాళీని ఫీలర్ గేజ్‌తో కొలుస్తారు, ఇన్‌లెట్‌కు 0.08 మిల్లీమీటర్లు, ఎగ్జాస్టుకు 0.10 అన్నట్టుగా పుస్తకం చెబుతుంది. నా ఇంజిన్‌కు అంకె లేదు, వేళ్ళే గేజ్. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండగా, పిస్టన్ కంప్రెషన్ స్ట్రోకు చివర పైకి వచ్చి నిలిచినప్పుడు, పుష్‌రాడ్‌ను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని తిప్పితే అది స్వేచ్ఛగా తిరగాలి. పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. పిస్టన్‌ను ఆ చోటికి తేవడానికి ప్లగ్ విప్పి, టాప్ గేర్ వేసి, వెనక చక్రాన్ని చేత్తో కొంచెం కొంచెంగా తిప్పాను. ఒక పానాతో అడ్జస్టరును కదలకుండా పట్టుకుని, ఇంకొక పానాతో లాక్‌నట్టు వదులు చేసి, అడ్జస్టరును గడియారం ముల్లు అంత కదుపుతూ, ప్రతి కదలికకూ పుష్‌రాడ్ తిప్పి చూసుకున్నాను. సరిగ్గా కుదిరింది అనుకుని లాక్‌నట్టు బిగించగానే పుష్‌రాడ్ బిగుసుకుపోయింది. లాక్‌నట్టు బిగించేటప్పుడు మరలలో ఉన్న సందు మూసుకుని అడ్జస్టరు ఒక వెంట్రుకవాసి కదులుతుంది. ఆ కదలికను ముందే లెక్కలోకి తీసుకుని కాస్త వదులుగా ఉంచి బిగించాలి. ఐదారు సార్లు విప్పి బిగించాక వేళ్ళకు ఆ లెక్క వచ్చింది.

నా బండి ఎగ్జాస్టు పుష్‌రాడ్ మొదట వేళ్ళతో తిరగనే లేదు. చప్పుడు వినిపించకూడదని ఎవరో దాన్ని బిగించి వదిలారు. టాపెట్ కొద్దిగా టికటికమంటే చెవికి ఇబ్బందే గానీ వాల్వుకు వెంటనే వచ్చే ప్రమాదం లేదు. బిగుతుగా ఉంటే మాత్రం ఇంజిన్ వేడి మీద వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్టు వాల్వు తన వేడిని సీటుకు ఆనినప్పుడే ఎక్కువగా వదిలించుకుంటుంది. ఆ ఆనుడు లేకపోతే మండే వాయువులు అంచు పక్క నుంచే దూసుకుపోయి వాల్వును కాల్చేస్తాయి. అందువల్ల చప్పుడు లేని టాపెట్‌ను చూసి సంతోషించడం నేను మానేశాను. ప్రతి 3000 కిలోమీటర్లకూ ఒకసారి కవరు విప్పి, పుష్‌రాడ్ తిప్పి చూస్తున్నాను.

సీబీ పాయింట్ల ఖాళీ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. కామ్ మీద రుద్దుకునే మడమ అరిగేకొద్దీ ఆ ఖాళీ తగ్గుతుంది, తగ్గేకొద్దీ నిప్పురవ్వ ఆలస్యమవుతుంది. ఖాళీ సరిచేశాక టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) కూడా చూసుకోవాలి, ఎందుకంటే ఒకటి కదిలితే రెండోదీ కదులుతుంది. చాలామంది దీన్ని తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేసుకుంటారు, అది మంచి మార్పే. నేను మాత్రం పాయింట్లనే ఉంచాను.

ఆయిలు మార్చిన రోజు ఒక నష్టం జరిగింది. డ్రెయిన్ బోల్టు ఇనుముది, అది దిగే మర అల్యూమినియంది. పాత ఆయిలు దింపి, కొత్త రాగి వాషర్ వేసి, చేతి అంచనాతో బిగిస్తుండగా గట్టిపడుతూ వచ్చిన బోల్టు ఒక్కసారిగా మెత్తబడింది. ఆ మెత్తదనం తెలిసిన క్షణంలో కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. బోల్టు బయటికి తీస్తే దాని మరల్లో వెండి రంగు చుట్ట ఒకటి స్ప్రింగులా చుట్టుకుని వచ్చింది. అది క్రాంక్‌కేసు మర. ఆ రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, కొత్త మర కోసి, అందులో స్టీలు తీగ చుట్ట బిగించే హెలికాయిల్ పద్ధతిలో దాన్ని బాగుచేశాను. డ్రిల్లుకూ ట్యాపుకూ గ్రీజు రాసి, లోహపు పొడి ఆ గ్రీజుకే అంటుకునేలా చూసుకుని, చివర కొద్దిగా ఆయిలు పోసి లోపలిది బయటికి కడిగేశాను. ఆ మర ఇప్పుడు మొదటి దానికంటే గట్టిగా ఉంది. ఆనాటి నుంచి అల్యూమినియంలోకి దిగే ఏ బోల్టునూ టార్క్ రెంచ్ లేకుండా బిగించలేదు.

ఆయిలు ఎంపికలో ఒక మాట. క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిలులోనే తడుస్తూ తిరిగే బండ్లకు డబ్బా మీద మోటార్‌సైకిల్ ఆయిళ్ళకు జపాన్ ప్రమాణమైన జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ అని ఉండాలి. కార్ల కోసం చేసే కొన్ని ఆయిళ్ళలో రాపిడి తగ్గించే పదార్థాలు కలుపుతారు, వాటి వల్ల క్లచ్ జారే అవకాశం ఉంది. 20డబ్ల్యూ-50 అన్న చిక్కదనం అంకె ఒక్కటే చూసి కొనడం చాలదు.

చైన్ విషయంలో కంటిని నమ్మకూడదని నేర్చుకున్నాను. చైన్ నూనె రాసి మెరుస్తోంది, స్ప్రాకెట్ పళ్ళు కూడా దూరం నుంచి బాగానే ఉన్నాయి. పిన్ను నుంచి పిన్నుకు 15.875 మిల్లీమీటర్లు ఉండే చైన్ అది. ఇరవై లింకుల పొడవు కొత్తలో 317.5 మిల్లీమీటర్లు ఉండాలి. రెండు శాతం సాగితే దాదాపు 324. నాది లాగి పట్టి కొలిస్తే 325 వచ్చింది. చైన్‌నూ రెండు స్ప్రాకెట్లనూ కలిపే మార్చాను, ఎందుకంటే అరిగిన పళ్ళ మీద కొత్త చైన్ త్వరగా పాడవుతుంది. జాయింట్ లింకు క్లిప్పు మూసి ఉన్న వైపు చైన్ కదిలే దిక్కుకు ఉండాలి. తెరిచిన వైపు ముందుకు పెడితే ఏదైనా తగిలినప్పుడు క్లిప్పు ఊడిపోతుంది. చైన్ వదులు చూసేటప్పుడు చక్రాన్ని తిప్పుతూ బాగా బిగుతుగా ఉన్న చోటు కనిపెట్టి అక్కడే కొలవాలి. బండి మీద మనిషి కూర్చుని వెనక భాగం కిందికి దిగినప్పుడు చైన్ ఇంకా బిగుస్తుంది, కాబట్టి స్టాండు మీద చక్కగా కనిపించిన బిగుతు దారి మీద ఎక్కువైపోతుంది.

బ్రేకులు తొందరగానే తెమిలాయి. డ్రమ్ములోని దుమ్మును ఊదకుండా తడిగుడ్డతో తుడిచాను, పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది గనుక. చక్రం బిగించేటప్పుడు యాక్సిల్ నట్టు కొద్దిగా వదులుగా ఉంచి, బ్రేకు గట్టిగా నొక్కి పట్టి, అలా నొక్కి ఉండగానే నట్టు బిగిస్తే షూలు డ్రమ్ము మధ్యకు చక్కగా సర్దుకుంటాయి. ఈ చిన్న పని తరువాత ముందు బ్రేకు మెత్తదనం చాలావరకు పోయింది.

ఇంతా చేశాక, అన్నీ అసలు భాగాలతోనే, బండిని వెయ్యి కిలోమీటర్లు నడిపాను. మూడు కిక్కుల్లో లేస్తోంది. ఐడిలింగ్ నిలకడగా ఉంది. పట్టి లాగడం లేదు. అప్పుడు గానీ మార్పుల జోలికి వెళ్ళలేదు, వెళ్ళినా ఒకదాని తరువాత ఒకటిగానే. ప్రతి మార్పుకూ నోటుపుస్తకంలో తేదీ, కిలోమీటర్లు, ముందు ఎలా ఉందో, తరువాత ఎలా ఉందో రాశాను. ఇంకొక నియమం కూడా పెట్టుకున్నాను: వెనక్కి తీసుకోలేని పని చేయకూడదు. విప్పిన ప్రతి అసలు భాగాన్నీ చీటీ కట్టి పెట్టెలో భద్రపరిచాను. వెనక భాగం పొట్టిగా, సన్నగా కనిపించడం కోసం ఫ్రేము వెనక కొమ్మలు కోసి వంపు పైపు అతికించే పద్ధతి ఒకటుంది. చూపుకు అందంగానే ఉంటుంది. కానీ సీటు బరువు, షాక్ అబ్జార్బర్ల తాకిడి వచ్చి చేరే చోట చేసే ఆ అతుకు మంచి వెల్డరు చేతిలో కూడా జాగ్రత్తగా లెక్క వేయవలసినదే, పైగా కోసిన ఫ్రేము తిరిగి రాదు. సన్నని సీటు కోరికను అసలు ఫ్రేము మీదనే, పాత బోల్టు రంధ్రాలకే సరిపోయే అడుగు రేకు చేయించి తీర్చుకున్నాను.

మొదటి మార్పు ఎవరికీ కనిపించనిది: హెడ్‌లైటుకు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు. రాత్రి వెలుగు చాలడం లేదని ఎల్ఈడీ బల్బు వేద్దామనుకున్నాను. కానీ రిఫ్లెక్టర్‌ను హాలోజన్ బల్బులో ఫిలమెంటు ఉండే చోటును బట్టి తయారుచేస్తారు. వెలుగు పుట్టే చోటు మారితే కిరణాలు చెదిరి ఎదుటివారి కళ్ళలో పడతాయి. అందుకని ముందు మల్టీమీటర్ పెట్టి కొలిచాను. బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు, బల్బు దగ్గర 10.6. దారిలోనే 1.8 వోల్టులు పోతున్నాయి. 55 వాట్ల బల్బు తీసుకునే నాలుగున్నర ఆంపియర్లకు పైగా కరెంటు ఇరవై ఏళ్ళ పాత స్విచ్చులోంచీ సన్నని వైర్లలోంచీ పోవడమే అందుకు కారణం. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజీ తగ్గిన దామాషాలో తగ్గదు, అంతకంటే చాలా ఎక్కువగా పడిపోతుంది; వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు సుమారు ముప్పై శాతం తగ్గుతుంది. నా లెక్కన బల్బు ఇవ్వవలసిన వెలుగులో అరవై శాతం కూడా ఇవ్వడం లేదు. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా లావు వైరు రిలేకు, అక్కడి నుంచి బల్బుకు వేసి, పాత స్విచ్చుకు రిలేను పలికించే పని మాత్రమే మిగిల్చాను. కొలిస్తే బల్బు దగ్గర 12.2 వచ్చింది. అదే బల్బు, అదే అద్దం, దారి మాత్రం కొత్తదిలా కనిపించింది.

వైర్లు కలిపిన ప్రతి చోటా సోల్డర్ చేయకుండా మంచి క్రింపింగ్ పరికరంతో టెర్మినళ్ళు నొక్కి, పైన ష్రింకు గొట్టం తొడిగాను. ఒంటి సిలిండర్ ఇంజిన్ అదురు ఎక్కువ. సోల్డర్ పాకిన మేర వైరు బిరుసెక్కి, ఆ బిరుసు ముగిసే అంచున పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పాత వైరింగులో అలా తెగిన చోట్లు రెండు కనిపించాయి.

హ్యాండిల్ మార్పు సులువనిపిస్తుంది గానీ, దానితో పాటు కేబుళ్ళన్నీ కదులుతాయి. హ్యాండిల్ కిందికి వచ్చినప్పుడు పాత కేబుళ్ళు పొడవై, వంపులు తిరిగి, ఫోర్కుకూ ట్యాంకుకూ మధ్య నలిగే ప్రమాదం ఉంటుంది. బిగించాక తప్పకుండా చేయవలసిన పరీక్ష ఒకటుంది. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా హ్యాండిల్‌ను ఆ చివరి దాకా, ఈ చివరి దాకా తిప్పాలి. రేజు కొంచెం పెరిగినా యాక్సిలరేటర్ కేబుల్ లాగుకుంటోందని అర్థం. నా బండిలో ఎడమ చివర అలా పెరిగింది. మలుపులో తనంతట తాను రేజు పెరిగే బండి ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. కేబుల్‌ను స్టీరింగ్ మెడకు అవతలి వైపు నుంచి తిప్పి వేశాక ఆ ఇబ్బంది పోయింది. వేళ్ళు ట్యాంకుకు తగలకుండా ఉండేంత ఖాళీ ఉందో లేదో కూడా అప్పుడే చూసుకున్నాను.

చివరికి మళ్ళీ సైలెన్సర్ దగ్గరికి వచ్చాను. ఈసారి లోపల చప్పుడు తగ్గించే బఫిల్ ఉండి, చప్పుడు చట్టపు పరిమితికి లోబడి ఉండేదాన్ని ఎంచుకున్నాను. ఎయిర్ ఫిల్టర్ పెట్టెను మాత్రం కదల్చలేదు. ఆ పెట్టె దుమ్మును ఆపడమే కాదు, కార్బొరేటర్ మూతి ముందు కదలని గాలిని నిలిపి ఉంచుతుంది; దాన్ని తీసేస్తే పక్క గాలి వీచినప్పుడు ఒకలా, వాన పడినప్పుడు ఒకలా మిశ్రమం మారిపోతూ ఉంటుంది. నా మొదటి ప్రయత్నంలో సగం రేజులో పట్టి లాగడానికి ఆ శంకువు ఫిల్టరే ముఖ్య కారణమని, దాన్ని ఒక్కదాన్నే మళ్ళీ తొడిగి నడిపి నిర్ధారించుకున్నాను.

కొత్త సైలెన్సర్‌తో గాలి కదలిక తేలికైంది కాబట్టి పెట్రోలు కొంచెం పెరగాలి. ముందు మెయిన్ జెట్. వాహనాలు లేని పొడవైన ఎత్తు దారి మీద పూర్తి రేజులో కొంత దూరం పోయి, అక్కడే ఇంజిన్ ఆపి, క్లచ్ పట్టి బండిని ఆగనిచ్చి, ప్లగ్ విప్పి చూశాను. 90 అంకె ఉన్న పాత జెట్‌తో పింగాణీ మొన సుద్దలా తెల్లగా ఉంది, అంటే పెట్రోలు తక్కువ. 100 వేస్తే మసి పట్టింది, లాగుడు కూడా బరువైంది. 95తో లేత గోధుమ రంగు వచ్చింది. సీసం లేని పెట్రోలుతో ప్లగ్ రంగు ఏర్పడడానికి సమయం పడుతుంది గనుక ఒక్క పరుగుతో తీర్పు చెప్పకుండా, ప్రతి జెట్‌తోనూ కొత్త ప్లగ్ వేసుకుని మూడేసి సార్లు చూశాను. నీడిల్‌కు ఐదు గాళ్ళు ఉన్నాయి; క్లిప్పును ఒక గాడి కిందికి దింపితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. టేపు మీద సగం గీత దగ్గర పెట్టి నడిపినప్పుడు మధ్య గాడిలో కొద్దిగా బిగపట్టినట్టుంది, నాలుగో గాడిలో ఆ బిగింపు విడిపోయింది. గాలి స్క్రూను ఐడిలింగ్ అత్యధికంగా పలికే చోటికి తెచ్చి, రేజు స్క్రూతో మళ్ళీ దించాను. మూసిన స్థితి నుంచి ఒకటిన్నర చుట్ల దగ్గర అది నిలిచింది.

అయినా యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో పేలడం ఆగలేదు. మిశ్రమంలో పెట్రోలు ఇంకా తక్కువగా ఉందనుకుని పైలట్ జెట్ పెద్దది తెప్పించబోయాను. నోటుపుస్తకం తిరగేస్తే, అసలు సైలెన్సర్‌తో నడిపిన వెయ్యి కిలోమీటర్లలో కూడా అప్పుడప్పుడు సన్నగా పేలినట్టు ఒక చోట రాసుకున్నది కనిపించింది. జెట్‌ను అలా ఉంచి, చల్లని ఇంజిన్‌ను కిక్ కొట్టి, బెండ్ పైపు సిలిండర్ హెడ్‌కు చేరే కీలు చుట్టూ సబ్బు నీళ్ళు చల్లాను. వెనక వైపు, చెయ్యి సులువుగా పోని చోట, బుడగలు లేచాయి. ఆ సందులోంచి బయటి గాలి పైపులోకి పీల్చబడి, కాలకుండా వచ్చిన పెట్రోలుతో కలిసి లోపల మండుతోంది. పాత గాస్కెట్ నలిగి ఒక వైపు రేకులా పలుచబడి ఉంది. హెడ్ మొహాన్ని తుడిచి, కొత్త గాస్కెట్ వేసి, పైపు వెనక బిగింపును చివరిదాకా వదులుగా ఉంచి, ముందు కీలును బిగించి, ఆ తరువాతే వెనకది బిగించాను. వెనకది ముందే బిగిస్తే పైపు వంకరగా లాగబడి కొత్త గాస్కెట్ కూడా ఒక వైపే నలుగుతుంది. పేలడం ఆగిపోయింది. పెద్ద పైలట్ జెట్ పొట్లం విప్పకుండానే పెట్టెలో ఉంది.

ఇప్పుడు పుస్తకంలో ఆఖరి పేజీ ఇలా ఉంది: మెయిన్ జెట్ 95, నీడిల్ నాలుగో గాడి, గాలి స్క్రూ ఒకటిన్నర, పాయింట్లు 0.38, ఛార్జింగు 14.2 వోల్టులు, చైన్ ఇరవై లింకులు 318. దాని కింద ఇంకా చేయవలసిన రెండు పనులు రాసి ఉన్నాయి. ముందు ఫోర్కు ఆయిలు మార్చాలి, కుడి కాలి సీలు దగ్గర తడి కనిపిస్తోంది. వెనక చక్రం పుల్లల్లో మూడింటిని పానాతో తడితే మిగిలిన వాటిలా ఖంగుమనకుండా మొద్దుగా పలుకుతున్నాయి. ఈ ఆదివారం చక్రం విప్పి, ముందు వాటి సంగతే చూడాలి.